గుర్వయ్య సారు సహీ

పోలీసు యాక్షన్ అయిన మూడో వారానికల్లా నల్లగొండలో రూమీ టోపీలు మాయమైపోయాయి. అంతకుముందు నిజాం సర్కారు నౌకరీ చేసే ప్రతివాడి నెత్తిమీదా ఒకటి ఉండేది. అన్ని టోపీలూ ఎక్కడికి పోయాయని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే తన టోపీ సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.

గుర్వయ్య సారు టోపీ ఇంట్లోనే ఉంది. ఆయన భార్య లీలమ్మ దాని కుచ్చు కత్తిరించేసి, పొయ్యి మీది అన్నం గిన్నె దింపడానికి వాడుకుంటోంది. దళసరి బట్ట, చెయ్యి కాలదు. ఇక గాంధీ టోపీ కావాలి. ఊరందరికీ ఒకే వారంలో దేశభక్తి రావడంతో బజార్లో తెల్లబట్ట మిగల్లేదు. లీలమ్మ దిండు గలీబు కోసి కుట్టింది. ఆ గలీబు మీద ఆమె పెళ్లయిన కొత్తలో కుట్టుకున్న పచ్చచిలుక ఉంది. బట్టను ఎంత తిప్పి కోసినా చిలుక ముక్కొకటి సారు ఎడమ చెవి పైన మిగిలిపోయింది.

"ఎడమ దిక్కు ఎవ్వలు నిలవడకుండ చూస్కో," అంది లీలమ్మ.

ఆ టోపీ మొదటిసారి పెట్టుకున్న పొద్దునే మిలిటరీ క్యాంపు నుంచి చిట్టీ వచ్చింది. తెచ్చినవాడు కాలేజీ చప్రాసీ భీమయ్య.

దాని సర్కారు పేరు పొడుగు కాబట్టి ఊళ్లో అందరూ దాన్ని ఇనుప కాలేజీ అనేవారు. మొదటేడు గీతలు గీయడం, రెండో ఏడు మిషను భాగాల నక్షాలు, మూడో ఏడు ఖరాదు మిషను మీద ఇనుము చెక్కడం. గుర్వయ్య సారు నేర్పేది నక్షా. గీసిన ప్రతి నక్షాకూ కింది మూల నీలి పెన్సిలుతో ఉర్దూలో 'దురుస్త్' అని రాసి, దాని కింద సహీ చేస్తాడు. దురుస్త్ అంటే అంతా సరిగ్గా ఉందని. ఆ సహీ లేనిదే ఖరాదు మిస్త్రీ మిషను మీద చెయ్యి కూడా వెయ్యనివ్వడు. కప్పులో చాయ్ చల్లారేలోపు సారు ముప్పై నక్షాలకు సహీ చెయ్యగలడు. చూడడు కాబట్టి.

"ఐలేశం నక్ష దొరికిందట సారూ," అన్నాడు భీమయ్య, గడప బయటే నిలబడి. "తిరుమలగిరి అవతల వాళ్ల ఊర్ల, కమ్మరి కొలిమిల. మిల్ట్రీవాళ్లు సోదా చేస్తే బయటవడ్డదట. కింద మీ సహీ ఉన్నదట."

ఐలేశాన్ని ఎనిమిది రోజుల కిందట హాస్టల్లోంచి పట్టుకుపోయారు. ఆనాడు స్టాఫ్ రూములో ఆ మాట వచ్చినప్పుడు గుర్వయ్య సారు, "ఎవలో ఐలేశమట, నాకు యాదికి లేడు," అన్నాడు. ఐలేశం మూడేళ్లుగా మొదటి బల్ల మీద, సారుకు మూరెడు దూరంలో కూర్చుంటున్నాడు.

"ఏం నక్షరా అది?"

"నాకెట్ల ఎరుక సారూ? సహీ చేసింది మీరు గద."

భీమయ్య వెళ్లిపోయాక సారు చిట్టీని మళ్లీ చదివాడు. రేపు పది గంటలకు రావాలని ఉంది. ఎందుకో లేదు.

"కొలిమిల దొరికిందంటే తుపాకో, తూటానో అయ్యుంటది," అన్నాడు. "చూసి సహీ చేసిన్నంటే నన్ను సంగపోల్ల, గా కమ్యూనిస్టుల జమల కడ్తరు."

"చూడలేదని చెప్పు."

"పన్నెండేండ్లు చూడకుండ జీతం తిన్ననని చెప్పాల్నా? నౌకరి ఉంటదా?"

 లీలమ్మకు రెండు దారుల్లోనూ మొగుడు బయటపడేది కనిపించలేదు.

"ఏది చెప్పినా కోటు మాత్రం ఇస్త్రీ చేస్త," అంది.

*

క్యాంపు ఒక పాత సర్కారు బంగళాలో పెట్టారు. చుట్టూ ముళ్లకంచె. కంచె బయట, ఎండలో, ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. లోపల వరండాలో ఒక బల్ల, దాని మీద తెల్ల టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు. ప్రతివాడూ పక్కవాణ్ణి ఎన్నడూ చూడనట్టు కూర్చున్నాడు. వాళ్లలో ఇద్దరు గుర్వయ్య సారుతో కిందటి నెల దాకా రోజూ చదరంగం ఆడినవాళ్లే.

ఎడమ చెవి కనబడకుండా గోడ వైపు కూర్చుందామంటే ఆ జాగా ఖాళీ లేదు. ఆయన కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"నువ్వు ఇనుప కాలేజీ సారువా అయ్యా?" అని అటువైపు నుంచి ఒక ముసలామె అడిగింది. ఒళ్లో గొంగడి ముక్కలో చుట్టిన జొన్నరొట్టెల మూట. "నువ్వొస్తవని నిన్న భీమయ్య చెప్పిండు. నేను ఐలేశం తల్లిని. బక్కమ్మను."

సారు అటూ ఇటూ చూశాడు. జవాను ఆవలిస్తున్నాడు.

"నీ పేరు రోజుకు పదిసార్లు తీస్తడు పిలగాడు," అంది బక్కమ్మ. "మా సారు కండ్ల వడ్డదంటే ఎంటికంత తప్పు సుత దాగదని."

"గట్లన్నడా?"

"అండ్ల అబద్ధమేమున్నది? నువ్వు సహీ చేసిన కాయితం మా గోడకు అంటువెట్టిండు. గొర్రె నాకితె దాన్ని కొట్టిండు." ఆమె మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "మూడొద్దులాయె వచ్చి. రొట్టె లోపటికి పోనియ్యరు. తింటున్నడో లేడో."

సారు టోపీని ఎడమ చెవి మీదికి లాక్కున్నాడు.

"శ్రావణంల రజాకార్లు మా మంద మొత్తం తోలుకపోయిన్రు. తొమ్మిది ఇండ్లు కాలవెట్టిన్రు. మా ఆయన అడ్డం వోతే బండకేసి కొట్టిన్రు, నాలుగొద్దులకు పాణం వోయింది. పిలగాడు వచ్చి తండ్రిని సాగనంపిండు. ఒక్క మాట మాట్లాడలె. కాలిన దూలం మీద కూసొని తెల్లకాయితం తీసి పెన్సలు చెక్కుకుంట కూసున్నడు. నేను తిట్టిన, గీ దినం సుత చదువేందిర అని."

గుర్వయ్య సారుకు అది ఏ కాగితమో అర్థమైంది. 

"నా కొడుకు మంచిగ గీస్తడా సారూ?"

"మంచిగనే గీస్తడు."

"మరి గదే చెప్పుండ్రి లోపట. మీ అసుంటి పెద్దమనిషి, మంచిగ గీస్తడని ఒక్క మాట చెప్తే ఇడిసిపెట్టరా?"

ఆమె రెండు చేతులూ కంచె తీగల మధ్య నుంచి చాపి దండం పెట్టింది. ఒక ముల్లు మణికట్టుకు గీరుకుంది. ఆమె చూసుకోలేదు.

సాయంత్రం దాకా సారును ఎవరూ పిలవలేదు. ఐదు గంటలకు జవాను వచ్చి, రేపు రమ్మని చేత్తో సైగ చేశాడు. పెద్దమనుషులంతా ఒకేసారి లేచి, ఎవరి టోపీ వాళ్లు సర్దుకుని, వేర్వేరు దారుల్లో ఒకే వీధికి నడిచారు.

*

మరునాడు పదకొండుకు పిలుపు వచ్చింది.

గదిలో ఒక పెద్ద మేజా, దాని వెనక కెప్టెన్. కోస్తా మనిషి. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. చొక్కా జేబులో మడత స్కేలు ఉంది. దాన్ని చూడగానే గుర్వయ్య సారు గడపలోనే ఆగిపోయాడు. స్కేలు లేని మనిషికైతే ఏదో ఒకటి చెప్పి ఉండేవాడు.

"కూర్చోండి మాస్టారూ. ఈ సంతకం మీదేనా?"

సారు రాత్రంతా పుస్తకాల తెలుగులో కొన్ని వాక్యాలు తయారుచేసుకున్నాడు. "నాదియే అయ్యున్నది," అన్నాడు. అక్కడితో తయారుచేసుకున్నది అయిపోయింది.

కెప్టెన్ నక్షాను మేజా మీద పరిచాడు.

గుర్వయ్య సారు పన్నెండేళ్లలో మొదటిసారి ఒక నక్షాను చూశాడు.

మధ్యగీత ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి. కొలిచినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. కోసి చూపించిన చోట ఏటవాలు గీతలు, రెండింటి మధ్య జాగా ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు. ఉర్దూ అంకెలు చీమల బారులా నిటారుగా నిలబడ్డాయి. ఒక్క చోట కూడా రబ్బరుతో చెరిపిన మరక లేదు. ఒక క్షణం ఆయనకు భయం కూడా గుర్తు రాలేదు. ఇంత మంచి వస్తువు కింద తన పేరుందని సంతోషం లాంటిది కలిగింది.

తర్వాత చదివాడు. మూడడుగుల గొట్టం. పొడుగు వస్తువు కనుక నడుమ తెంపి, రెండు కొసలను రెండు ముక్కలుగా చూపించాడు. ఒక కొస తెరిచి ఉంది. రెండో కొసకు మరబిళ్ల బిగించి మూశాడు. మూసిన కొస దగ్గర, పక్కన, సూది దూరేంత రంధ్రం. మందు కూరే నాటు తుపాకీకి నిప్పు అంటించే చెవి అక్కడే ఉంటుంది.

"కుర్రాడు ఇది రైసు మిల్లు ఇరుసుకి నూనె పోసే గొట్టం అంటున్నాడు," అన్నాడు కెప్టెన్. "పది రోజులుగా అదే మాట. సరే, నూనె ఆ చిన్న రంధ్రంలోంచి చుక్కలుగా పడుతుందనుకుందాం. నేనూ ఇంజనీరింగు చదివినవాణ్ణే, వంతెనలు కట్టాను." మడత స్కేలు తీసి గొట్టం నోటి దగ్గర పెట్టాడు. "బయటి కొలత పది సూతలు. లోపలి రంధ్రం నాలుగు. అంటే ఒక్కో వైపు గోడ మందం మూడు సూతలు. నూనెకి అంత గోడ ఎందుకు మాస్టారూ? నూనె పేలదు కదా?"

సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. గుర్వయ్య సారు ఆ మూడు సూతల వైపు చూశాడు. తర్వాత రెండో ముక్క వైపు, మూసిన కొస వైపు చూశాడు. అక్కడ పది కాదు. పదకొండు. నోటి నుంచి మూసిన కొస దాకా గోడ మెల్లమెల్లగా, కంటికి తెలియకుండా, అర సూత దళసరి అయింది. మందు పేలేది అక్కడే. ఉర్దూ అంకెలు రాని కెప్టెన్ స్కేలుతో నోటి దగ్గరే కొలిచాడు, రెండో కొస కొలవలేదు. కొలిస్తే ఇక మాట్లాడేది ఉండదు.

సారు బొటనవేలు తనంతట తానే వెళ్లి మూసిన కొస మీద కూర్చుంది.

"తప్పు సార్," అన్నాడు.

"ఏది?"

"గీ నాలుగు. నడిమి నుంచి అంచు దాక కొలిస్తే నాలుగు సూతలు రావాలె. వీడు గీ అంచు నుంచి గా అంచు దాక నాలుగు గీసిండు. లోపట రంధ్రం ఎనిమిదుండాలె. బయట పది. అప్పుడు గోడ ఒక్క సూతనే మిగుల్తది. నూనె గొట్టానికి గంతే." పుస్తకాల తెలుగు ఎప్పుడో గడప దాటి పోయింది. "సగం కొలతకు పూర కొలతకు తేడా ఎరుకలేనోడు సార్. మొదటేడు తప్పు."

కెప్టెన్ వేరే కాగితం మీద లెక్క వేసుకున్నాడు. లెక్క సరిపోయింది. అదే ఆయనకు నచ్చలేదు.

"మరి 'దురుస్త్' అని రాశారే?"

"చూడలే సార్."

"ఏమిటి?"

"నేను నక్షలు చూడ. సహీ చేస్త. పన్నెండేండ్ల సంది."

గదిలో టైపు మిషను ఆగిపోయింది. మూల కూర్చున్న గుమాస్తా తలెత్తి చూశాడు. దొంగతనం ఒప్పుకున్నవాళ్లను, మనిషిని చంపానని ఒప్పుకున్నవాళ్లను ఆ గుమాస్తా చూశాడు. పని చెయ్యలేదని ఒప్పుకున్న సర్కారు నౌకరును చూడడం అదే మొదలు.

"ఈ మాట నన్ను నమ్మమంటారా?"

"కాలేజిల అల్మారి ఉన్నది సార్. తెప్పియ్యుండ్రి."

జీపు వెళ్లింది. గంటలో భీమయ్య నెత్తిమీద కట్ట పెట్టుకుని వచ్చాడు. ఆ గంటసేపూ సారు బొటనవేలు తియ్యలేదు. చెమటకు కాగితం కాస్త మెత్తబడింది.

కెప్టెన్ కట్ట విప్పి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. ముందునుంచి చూస్తే మూడు కాళ్లు, పక్కనుంచి చూస్తే నాలుగు కాళ్లు ఉన్న స్టూలు. దురుస్త్. ఇరుసు దూరే రంధ్రమే లేని బండి చక్రం. దురుస్త్. బయటికి తెరిచే వీలు లేని తలుపు, గడియ రెండు వైపులా. దురుస్త్. తన కన్నా లావైన మరను మింగిన నట్టు. దురుస్త్.

పదిహేనో కాగితం దగ్గర కెప్టెన్ ఆగాడు. దాన్ని తిప్పి సారుకు చూపించాడు.

అది గుర్వయ్య సారు నక్షా. కుర్చీలో నిద్రపోతున్నాడు. నియమం తప్పకుండా మూడు వైపుల నుంచీ గీశారు. ముందునుంచి చూస్తే తెరిచిన నోరు. పక్కనుంచి చూస్తే పొట్ట. పైనుంచి చూస్తే బట్టతల, దాని అడ్డం కొలత ఆరంగుళాలని బాణం గుర్తులతో సహా. కింద మూల నీలి పెన్సిలు: దురుస్త్. సహీ.

గుమాస్తా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తలుపు దగ్గరి జవానుకు రుమాలు లేదు.

"కొలత సరిగ్గానే ఉందా మాస్టారూ?" అన్నాడు కెప్టెన్.

"నేను చూడలే సార్," అన్నాడు గుర్వయ్య సారు. ఈసారి అది నూటికి నూరుపాళ్లు నిజం.

కెప్టెన్ మొహం నవ్వు వైపు వెళ్లి, మధ్యలో అసహ్యంగా మారింది. "కుర్రాణ్ణి తీసుకురండి," అన్నాడు.

*

ఐలేశాన్ని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ నల్లబడింది. సారు ఆ వేళ్ల వైపు చూసి, వెంటనే నక్షా వైపు చూశాడు.

"మీ మాస్టారు చెబుతున్నారు," అన్నాడు కెప్టెన్. "సగం కొలతకి, పూర్తి కొలతకి తేడా తెలియక తప్పు గీశావట. నిజమేనా?"

ఐలేశం సారు మొహంలోకి చూశాడు. పది రోజుల దెబ్బలకన్నా ఈ మాటకే అతను ఎక్కువ దెబ్బతిన్నట్టు కనిపించాడు.

"నా గీతల తప్పు లేదు సార్," అన్నాడు.

 కెప్టెన్ మెల్లగా మడత స్కేలు మళ్లీ తెరిచాడు.

"తప్పు లేదార?" గుర్వయ్య సారు ఒక్కసారిగా లేచాడు. ఆ గొంతు ఆయనదే అని ఆయనకే తెలియలేదు. "మేకల కాసుకునేటోనికి నక్షెందుకురా? ఎవడు చేర్చుకున్నడురా నిన్ను? మూడేండ్లు నా బల్ల ముంగట కూసున్నవ్, అంచు నుంచి అంచుకు కొల్వాల్నా, నడిమి నుంచి అంచుకు కొల్వాల్నా, గంత సుత ఎరుక లేదు! సూడు! మంచిగ సూడు! ఎక్కడ తప్పు చేసినవో కండ్లు వెట్టి సూడు!"

టోపీ ఊడి కింద పడింది. పచ్చచిలుక ముక్కు పైకి చూస్తోంది. ఎవరూ తియ్యలేదు. సారు బొటనవేలితో కాగితాన్ని మేజాకేసి గట్టిగా నొక్కుతూ అరుస్తున్నాడు. నొక్కి నొక్కి గోరు తెల్లబడింది.

ఐలేశం మంచి కన్ను సారు మొహం మీది నుంచి చేతి మీదికి దిగింది. చేతి మీది నుంచి బొటనవేలి మీదికి. ఆ వేలు సరిగ్గా ఏ జాగాలో ఉందో చూశాడు. చాలాసేపు చూశాడు.

అతని భుజాలు కిందికి దిగాయి.

"తప్పే సార్," అన్నాడు. "నడిమి నుంచి కొల్వాల్సింది. మర్చిపోయిన."

కెప్టెన్ ఒక నిట్టూర్పు విడిచి స్కేలు మడిచాడు. ఎర్ర పెన్సిలు సారు ముందుకు తోశాడు. "అయితే రాయండి. దురుస్త్ కొట్టేసి ఫెయిల్ అని రాయండి. ఇంగ్లీషులో. కారణం కూడా. ఇది ఫైల్లో ఉంటుంది. ఇతన్ని వదిలేస్తాను, కానీ సర్టిఫికెట్ రాదు. మీ గురించి కూడా పైకి రాస్తాను. మీలాంటివాళ్ల చేతికి చదువు ఇవ్వడం కంటే ఆ కాలేజీకి తాళం వెయ్యడం నయం."

"రాయుండ్రి సార్," అన్నాడు గుర్వయ్య.

పన్నెండేళ్లలో ఆ మాట రాయని చెయ్యి. పెన్సిలు ములుకు ఒకసారి విరిగింది. గుమాస్తా చెక్కి ఇచ్చాడు. రాయడం అయ్యాక బొటనవేలు తీసి చూస్తే, పదకొండు అన్న అంకె చెమటకు చెదిరి మసిమరక అయింది. ఆ నక్షా మొత్తంలో మరక అదొక్కటే.

*

కంచె బయట బక్కమ్మ కొడుకును ఒళ్లంతా తడిమి, వేళ్ల దగ్గర ఆగి, మూట విప్పింది. రొట్టె నాలుగు రోజులది. ఐలేశం ఎడమ చేత్తో తిన్నాడు.

"ఎట్ల ఇడిసిన్రు సారూ? మంచిగ గీస్తడని చెప్పిన్రా?"

"లేదు," అన్నాడు గుర్వయ్య సారు. "ఫేల్ చేసిన."

బక్కమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. సారు వెనక్కి జరిగాడు. టోపీ లేని నెత్తి మీద ఎండ మాడుతోంది.

ముగ్గురూ బజారు వైపు నడిచారు. బక్కమ్మ ముందు నడుస్తోంది. నాలుగు రోజులు కూర్చున్న కాళ్లు కాబోలు, ఆగడం లేదు. ఆ ఇద్దరూ వెనకబడ్డారు.

"ఎప్పుడు చూసిన్రు సారూ?" అన్నాడు ఐలేశం.

"ఇయ్యాల్నే."



"ఎట్లున్నది?"

గుర్వయ్య సారు వెనక్కి తిరిగి చూశాడు. జవాను దూరంగా ఉన్నాడు. అయినా గొంతు తగ్గించాడు. "మూసిన కొస కాడ అర సూత పెంచినవ్. ఎవలు నేర్పిన్రు నీకది?"

"మీరే సారు. మొదటేడు. బరువెత్తే కొక్కెం పాఠంల. దెబ్బ యాడ వడ్తదో గాడ గోడ మందముండాలె అన్నరు."

ఆ పాఠం ఆయనకు గుర్తు లేదు. కొక్కెం గుర్తు లేదు. ఆ మాట అన్నట్టు కూడా గుర్తు లేదు. మొదటి బల్ల మీద మూరెడు దూరంలో కూర్చుని ఒకడు విన్నాడు.

ముందు బక్కమ్మ చాయ్ హోటల్ దగ్గర ఆగింది. ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అందుకని హోటలాయనకే చెప్పింది.

"నా కొడుకు ఫేలయిండు బిడ్డా!" మొహమంతా వెలిగిపోతోంది. "సారు సొంత చేత్తోని రాసిచ్చిండు. ఫేలయిండు!"

హోటలాయన ఆమెను, వెనక వస్తున్న కుర్రాణ్ణి, బట్టతల పెద్దమనిషిని మార్చి మార్చి చూశాడు. జాలిపడ్డాడు.

"పోనీ తియ్ అవ్వా. వచ్చే ఏడు పాసైతడు."

"వద్దు బిడ్డా, వద్దు," అంది బక్కమ్మ కంగారుగా. "గిదే చాలు."

హోటలాయన మూడు కప్పులు పోశాడు. ఐలేశం అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపాడు. గుడ్డ చుట్టిన రెండు వేళ్లూ కప్పు చెవి చుట్టూ వంగలేదు. మళ్లీ ప్రయత్నించాడు. వంగలేదు. గుర్వయ్య సారు ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కప్పులో చాయ్ చల్లారిపోయింది.

ఐలేశం కప్పును ఎడమ చేత్తో ఎత్తుకున్నాడు.